రాణి కాదు, గుర్రం

పిచ్చుక బల్ల కింద దాక్కుంది.

బల్ల మీద పరిచిన నీలం దుప్పటి అంచు నేలదాకా వేలాడుతోంది. దాన్ని రెండు వేళ్ళతో పక్కకి తీసి చూస్తే హాలు తలుపు కనబడుతుంది. ఆ తలుపులోంచి ఇప్పుడే పిచ్చుక స్నేహితురాలు నిచ్చెన వచ్చింది. పక్కన వాళ్ళ తాతయ్య ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో ఒక ప్లాస్టిక్ కవరు.

"నిజంగానే వచ్చేశారు," అనుకుంది పిచ్చుక. దుప్పటి అంచు వదిలేసింది.

అది శనివారం. టైము పదకొండున్నర. ఆ హాల్లో పాత రేడియో, టీవీ, సినిమా అభిమానుల మేళా జరుగుతోంది. వరసగా ముప్ఫై బల్లలు వేశారు. ఒక బల్ల మీద గూళ్ళలాంటి చెక్కపెట్టెల్లో రేడియోలున్నాయి. ఇంకో బల్ల మీద చెక్క తలుపులున్న టీవీ ఉంది. దాని తెర మీద ఏమీ రావడం లేదు. అయినా నలుగురు పెద్దవాళ్ళు దాని ముందు నిలబడి సంతోషంగా చూస్తున్నారు. ఒక మూల సినిమా ప్రొజెక్టరు టకటకమని తిరుగుతోంది. పాత సీరియల్లో డిటెక్టివ్ లాగా పొడుగు కోటు వేసుకుని ఒకాయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెమటతో తడిసి ముద్దవుతున్నాడు గానీ కోటు మాత్రం విప్పడం లేదు.

పద్నాలుగో బల్ల పిచ్చుక వాళ్ళ అమ్మమ్మది.

అమ్మమ్మ పాతికేళ్ళు రేడియో నాటకాలకు చప్పుళ్ళు చేసింది. జల్లెడలో ఎండు బఠానీలు పోసి తిప్పితే వాన. రేకు పట్టుకుని ఊపితే ఉరుము. రెండు కొబ్బరి చిప్పలు బోర్లించి కొడితే గుర్రం. ఆ సామానంతా సంచీలో వేసుకుని, పిల్లలకి చూపించడానికి అమ్మమ్మ పక్క గదిలోకి వెళ్ళింది. "నేనొచ్చేదాకా బల్ల చూసుకో," అని పిచ్చుకకి చెప్పి మరీ వెళ్ళింది. బల్లని కింద నుంచి చూసుకోమని మాత్రం చెప్పలేదు.

పిచ్చుక అనేది ఇంట్లో పిలిచే పేరు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని అలా పిలిచారు. పదేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు. పైగా బడికి కూడా పాకింది. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే స్నేహితురాలికి నిచ్చెన అని పేరు పెట్టింది కూడా పిచ్చుకే. ఇద్దరిదీ ఒకటే బెంచీ.

అసలు గొడవ పది రోజుల క్రితం ఆ బెంచీ దగ్గరే మొదలైంది.

అది మధ్యాహ్నం భోజనాల వేళ. ఎవరింట్లో ఎవరు గొప్పవాళ్ళో చెప్పుకుంటున్నారు. "మా మామయ్య రైలింజను నడుపుతాడు," అన్నాడు ఒకడు. "మా అత్త టీవీలో వార్తలు చదివింది, రెండుసార్లు," అంది ఒక అమ్మాయి.

"మా అమ్మమ్మ రేడియో ఆర్టిస్టు," అంది పిచ్చుక. అంతవరకూ నిజమే.

"ఏ నాటకం?" అని అడిగింది నిచ్చెన.

"రాతికోట."

నిచ్చెన చేతిలో చెంచా ఆగిపోయింది. "రాతికోటా! మా తాతయ్యకి అదంటే ప్రాణం. అందులో మీ అమ్మమ్మ ఏం వేసింది?"

ఆ నాటకంలో అమ్మమ్మ గుర్రం. వాన. తలుపు. కానీ చుట్టూ అయిదుగురు చెవులు రిక్కించుకుని చూస్తున్నారు. రైలింజను, టీవీ వార్తలు అయ్యాక గుర్రం అనడానికి పిచ్చుకకి నోరు రాలేదు.

"రాణి," అంది.

ఒక్క మాటే. ఆ సాయంత్రం ఆ మాట నిచ్చెన ఇంటికి వెళ్ళింది. మర్నాటికల్లా నిచ్చెన వాళ్ళ తాతయ్య, పాత రేడియో ఆర్టిస్టులు వచ్చే ఈ మేళా ఎప్పుడో, ఎక్కడో కనుక్కున్నాడు.

"పిచ్చుకా! నీ చెప్పులు కనబడుతున్నాయి. కింద ఏం చేస్తున్నావ్?"

నిచ్చెన వంగి దుప్పటి ఎత్తింది. పిచ్చుక బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకుంది.

"పిన్నీసు పడిపోతే వెతుకుతున్నా."

"దొరికిందా?"

"లేదు."

తాతయ్య బల్లనంతా పరికించి చూశాడు. మనిషి సన్నగా ఉన్నాడు. కుడి కన్ను ఎప్పుడూ కొంచెం చిట్లించినట్టే ఉంటుంది. నలభై ఏళ్ళు ఆ కంటికి భూతద్దం పెట్టుకుని చేతి గడియారాలు బాగుచేశాడు.

"అమ్మా, రాణిగారు ఏరీ?" అని అడిగాడు.

పిచ్చుక అటు చూసింది. అసలు రాణి మూడో బల్ల దగ్గర కూర్చుని ఉంది. అక్కడికి ముప్ఫై అడుగులు కూడా ఉండవు. పొట్టి మనిషి, ఊదారంగు శాలువా. బల్ల మీద అట్టముక్కలో ఆవిడ పేరుంది గానీ, ఏ నాటకంలో ఏ వేషం వేసిందో రాయలేదు. ఆ రోజుల్లో రేడియోలో కూడా అంతే. నాటకం అయిపోయాక పేర్లన్నీ గుంపుగా చదివేసేవారు. ఎవరు రాణో, ఎవరు దాసీయో వినేవాళ్ళకి తెలిసేది కాదు.

"ఆవిడే," అని వేలు చూపిస్తే సరిపోయేది. కానీ అలా చూపిస్తే నిచ్చెన వింటుంది.

"అమ్మమ్మ ఇప్పుడే వస్తుంది తాతగారూ," అంది పిచ్చుక. "కూర్చోండి."

తాతయ్య కుర్చీ కొంచెం ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కవరులోంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీశాడు. అట్ట అంచులు అరిగిపోయాయి.

"ఇదంతా రాతికోటే," అన్నాడు. "ప్రతి బుధవారం సాయంత్రం ఏడింటికి వచ్చేది. చేతిలో గడియారం, చెవిలో నాటకం. రాణిగారు మాట్లాడుతున్నంతసేపూ నేను స్క్రూ బిగించేవాణ్ణి కాదు. చెయ్యి వణుకుతుందని భయం. అయిపోగానే గుర్తున్నంతవరకూ ఇందులో రాసేసేవాణ్ణి. యాభై రెండు వారాలు."

"యాభై రెండో వారం మాత్రం సగమే ఉంటుంది," అంది నిచ్చెన. ఈ కథ ఆమె చాలాసార్లు విన్నట్టుంది.

"ఏమైంది?" అంది పిచ్చుక.

"రాణిగారికీ, తమ్ముడికీ గొడవ. వాడు కోట వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తే తలుపు తియ్యనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఆఖరి వారం వాడు వానలో ఒంటరిగా గుర్రమెక్కి వచ్చాడు. తలుపు తట్టాడు. మూడుసార్లు." తాతయ్య బల్ల మీద మూడుసార్లు కొట్టాడు. "అంతే. కరెంటు పోయింది."

"తర్వాత ఎవరినైనా అడగలేకపోయారా?"

"అడక్కపోవడమేమిటమ్మా! పక్క కొట్టాయన తీసిందన్నాడు. టైలరు తియ్యలేదన్నాడు. పోస్ట్‌మాన్ తనకి తెలుసన్నాడు గానీ, ఇద్దరికీ నచ్చేట్టు సగం తీసిందన్నాడు. మళ్ళీ ఆ నాటకం వెయ్యలేదు. టేపులు కూడా లేవట."

"మా నాయనమ్మ ఏమంటుందో తెలుసా?" అంది నిచ్చెన. "ఆ తలుపు సంగతి తేలేదాకా ఈయన మనింట్లో ఏ తలుపూ సరిగ్గా వెయ్యడు అంటుంది."

తాతయ్య నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వాలని చూసింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పన్నెండయింది. పన్నెండున్నర అయింది. పక్క గదిలోంచి పిల్లల కేకలు వినబడుతున్నాయి. అమ్మమ్మ రాలేదు. తాతయ్య ఒకసారి చొక్కా కాలరు సవరించుకున్నాడు. ఒకసారి నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి చూసి మూసేశాడు.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా మూడో బల్ల దగ్గరావిడ లేచింది. నీళ్ళ సీసా సంచీలో పెట్టుకుంది. శాలువా సర్దుకుంది. మేళా వాళ్ళ కుర్రవాడొకడు ఆవిడ సూట్‌కేసు పట్టుకుని ముందు నడిచాడు.

ఆవిడ బయటికి వెళ్ళే దారి పద్నాలుగో బల్ల ముందునుంచే.

పిచ్చుక చూస్తూ నిలబడింది. ఆవిడ దగ్గరికి వచ్చింది. దారి ఇరుకుగా ఉంది. తాతయ్య మోకాళ్ళు పక్కకి తిప్పుకుని దారి ఇచ్చాడు. ఆవిడ ఆయన వంక చూసి చిన్నగా నవ్వింది. ఒక్క మాట మాట్లాడినా ఆయన గుర్తుపట్టేవాడేమో. మాట్లాడలేదు. ఊదారంగు శాలువా తలుపు దాకా వెళ్ళింది. తలుపు దాటింది.

పిచ్చుకకి "ఆగండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

మరో పావుగంటకి అమ్మమ్మ వచ్చింది. భుజాన సంచీ, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన రేకు. ఆవిడ నడుస్తుంటే చిన్న చిన్న ఉరుములు వినబడుతున్నాయి.

"పిల్లలు వదలరే! ఒక్కొక్కడూ రెండేసిసార్లు గుర్రం..." అంటూ ఆగింది.

తాతయ్య లేచి నిలబడ్డాడు. నోటుపుస్తకం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రాణిగారూ," అన్నాడు. "ఒకే ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోతాను."

"రాణా?" అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. "నేను రాణిని కాదండీ. మీకెవరు చెప్పారు?"

తాతయ్య నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన పిచ్చుక వైపు చూసింది. అమ్మమ్మ కూడా పిచ్చుక వైపే చూసింది. ఇక చూడ్డానికి పిచ్చుకకి ఎవరూ మిగల్లేదు.

"నేనే చెప్పాను," అంది. "అబద్ధం చెప్పాను. అమ్మమ్మ రాణి కాదు. చప్పుళ్ళు చేసింది. రాణి ఇందాక... ఇందాక ఇటు నుంచే వెళ్ళిపోయారు. ఊదారంగు శాలువా."

తాతయ్య తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

"దారి ఇచ్చానే," అన్నాడు మెల్లగా.

నిచ్చెన మొహం ఎర్రబడింది. "నీకు తెలుసా? ఆవిడ అక్కడ కూర్చున్నంతసేపూ తెలుసా?"

"తెలుసు."

"తెలిసి మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టావా?"

పిచ్చుక తల ఊపింది. నిచ్చెన రెండడుగులు పక్కకి జరిగి వాళ్ళ తాతయ్య పక్కన నిలబడింది.

పిచ్చుక తలుపు వైపు పరుగెత్తింది. మెట్ల దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. "ఆవిడా? రైలుందని కారెక్కి వెళ్ళిపోయారమ్మా. పావుగంట అయింది," అన్నాడు. పిచ్చుక తిరిగి వచ్చి ఆ మాటే చెప్పింది.

అమ్మమ్మ తిట్టినా బాగుండు అనిపించింది పిచ్చుకకి. అమ్మమ్మ సంచీ జేబులోంచి ఫోను తీసి, ఒక నంబరు వెతికి, ఫోను మనవరాలి చేతిలో పెట్టింది.

"ఆవిడ నంబరు ఇది. నలభై ఏళ్ళకు పైబడ్డ స్నేహం మాది. నేను మాట్లాడితే చిటికెలో పనైపోతుంది. కానీ నేను మాట్లాడను."

హాల్లో గోలగా ఉంది. నలుగురూ స్టేజీ వెనక గదిలోకి వెళ్ళారు. అక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చిన కుర్చీలు, ఒక విరిగిన మైకు స్టాండు తప్ప ఏమీ లేవు. పిచ్చుక నంబరు నొక్కింది. అమ్మమ్మ స్పీకరు పెట్టింది.

"హలో," అంది అవతలి గొంతు. వెనకాల రైలు కూతలు వినబడుతున్నాయి.

"హలో అండీ. నేను పద్నాలుగో బల్ల మనవరాల్ని."

"బల్లకి మనవరాలా?"

"కాదండీ. మా అమ్మమ్మ చప్పుళ్ళు..."

"ఓ! గుర్రం మనవరాలివా! చెప్పమ్మా. నా రైలు ముప్పావుగంట లేటు. ఎవరైనా మాట్లాడితే బాగుండునని కూర్చున్నా."

"నేనొక అబద్ధం చెప్పానండీ."

"మీ ఇంట్లో చెప్పు మరి. నాకెందుకు?"

"అది మీ గురించే."

పిచ్చుక మొత్తం చెప్పింది. భోజనాల వేళ నుంచి మొదలుపెట్టి, ఊదారంగు శాలువా తలుపు దాటడం దాకా. నిచ్చెన వింటోందని తెలుసు. అందుకే ఏదీ తగ్గించి చెప్పలేదు.

"అంటే నా కిరీటం తీసి మీ అమ్మమ్మకి పెట్టేశావన్నమాట," అంది ఆవిడ.

"అవునండీ."

"అది పట్టదులే. గుర్రానిది పెద్ద తల."

"వింటూనే ఉన్నాలే రాణీ," అంది అమ్మమ్మ.

"ఉన్నావా? సరే. ఆ పెద్దాయన్ని పిలవండి."

తాతయ్య ఫోను దగ్గరికి వంగాడు. ఆఖరి వారం గురించి, వాన గురించి, మూడుసార్లు తలుపు తట్టడం గురించి, కరెంటు గురించి చెప్పాడు.

"తలుపు తీశారా అమ్మా?"

అవతల ఒక రైలు కూత వేసుకుంటూ వెళ్ళింది.

"నలభై రెండేళ్ళయింది నాయనా," అంది ఆవిడ. "ఆ తర్వాత ఎన్ని నాటకాలో. ఎన్ని రాణులో. తీశానని చెప్పెయ్యొచ్చు, మీరు సంతోషిస్తారు. కానీ నాకు గుర్తులేదు."

"పర్వాలేదమ్మా," అన్నాడు తాతయ్య. నోటుపుస్తకం మూశాడు. "మీతో మాట్లాడాను. అదే చాలు."

"నాకు గుర్తుంది," అంది అమ్మమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మాటలు గుర్తులేవు. మాటలు నా పని కాదు. చప్పుళ్ళు గుర్తున్నాయి. రాణీ, ఫోను పెట్టెయ్యకు, వింటూ ఉండు."

అమ్మమ్మ సంచీ దింపింది. జల్లెడ తీసి, బఠానీలు పోసి, పిచ్చుక చేతికి ఇచ్చింది.

"వాన నువ్వు చెయ్యి. పెంచకు, ఆపకు."

పిచ్చుక జల్లెడ మెల్లగా తిప్పింది. గదిలో సన్నగా వాన మొదలైంది.

అమ్మమ్మ కుర్చీ వీపు మీద మూడుసార్లు కొట్టింది. తర్వాత ఊరుకుంది. వాన ఒక్కటే. ఎంతసేపటికీ ఏమీ చెయ్యదేమని నిచ్చెన కూడా మునివేళ్ళ మీద లేచి చూసింది.

అప్పుడు అమ్మమ్మ సంచీలోంచి రెండు బూట్లు తీసి చేతులకి తొడుక్కుని, కుర్చీ చెక్క మీద ఒకదాని తర్వాత ఒకటి ఆనించింది. ఎవరో మెట్లు దిగుతున్నారు. నెమ్మదిగా దిగుతున్నారు. మధ్యలో ఒక మెట్టు మీద ఆగారు. మళ్ళీ దిగారు. బరువైన అడ్డగడియ ఏదో నేలమీద పడింది. అది చెక్కముక్క. ఆ తర్వాత ఒక తుప్పుపట్టిన తలుపు బందు. చిన్న చట్రానికి బిగించిన ఆ బందుని అమ్మమ్మ వేలితో తోసింది. కిర్రుమంటూ అది చాలాసేపు మూలిగింది. అంత చిన్న ఇనుపముక్కలోంచి అంత పెద్ద తలుపు ఎలా వచ్చిందో పిచ్చుకకి అర్థం కాలేదు.

తాతయ్య కళ్ళు మూసుకున్నాడు.

కొబ్బరి చిప్పలు రెండంటే రెండడుగులు వేశాయి. ఆగాయి. గుర్రం తలుపులో నిలబడింది. వాన పడుతూనే ఉంది.

"ఎంతసేపలా తడుస్తావురా?" అంది ఫోను. "లోపలికి రా."

అది ఇంతసేపూ మాట్లాడిన గొంతు కాదు. అందులో వయసు లేదు. గదిలో ఎవరూ కదల్లేదు. పిచ్చుక చేతిలో జల్లెడ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

"అదే," అంది ఆవిడ, ఈసారి తన మామూలు గొంతుతో. ఆశ్చర్యపోయినట్టుంది. "అదే ఆఖరి మాట. ఆ తలుపు చప్పుడు వినగానే నోటికి వచ్చేసింది. ఒసేయ్ గుర్రం, ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావే అది?"

"సంచీలో," అంది అమ్మమ్మ.

తాతయ్య కళ్ళు తెరిచాడు. "తీసింది," అన్నాడు. నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి, కుర్చీ మీద పెట్టుకుని, వంగి ఆ మాట రాసుకున్నాడు. గడియారాలు బాగుచేసిన చెయ్యి. అక్షరాలు చిన్నగా, వరసగా పడ్డాయి. రాసిందాన్ని పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత మొదటి పేజీల్లోకి తిప్పి, అమ్మమ్మకి చూపించాడు.

మాటల మధ్యలో బ్రాకెట్లు ఉన్నాయి. వాటిలో గుర్రం దూరంగా, గుర్రం దగ్గరగా, వాన తగ్గింది, ఎవరో గిన్నె పడేశారు అని రాసి ఉంది.

"ఇవి కూడా రాసుకున్నాను," అన్నాడు. "ఇవన్నీ మీరేనా?"

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది.

"గిన్నె మాత్రం పొరపాటున పడింది," అంది.

మూడింటికి నిచ్చెన, తాతయ్య బయల్దేరారు. తాతయ్య పిచ్చుకకి వెళ్ళొస్తానని చెప్పాడు. నిచ్చెన చెప్పలేదు. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ ఒక్కతే వెనక్కి వచ్చింది.

"సోమవారం అందరికీ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

"సరే," అని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా సంచీలో రేకు ఉరిమింది. ముందు సీటాయన రెండుసార్లు ఆకాశం వైపు చూశాడు.

"గుర్రం అని చెప్పుకోవడానికి సిగ్గేసిందా?" అని అడిగింది అమ్మమ్మ.

లేదు అనాలనిపించింది పిచ్చుకకి. అలా అంటే అమ్మమ్మకి బాగుంటుంది.

"అవును," అంది.

రెండు స్టాపులు దాటేదాకా అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

"నాకూ రాణి వెయ్యాలని ఉండేది," అంది తర్వాత. "వెళ్ళి అడిగాను. గొంతు మైకుకి పనికిరాదన్నారు. రెండు రోజులు ఏడ్చాను."

"మూడో రోజు?"

"మూడో రోజు కొబ్బరి చిప్పలు చేతికిచ్చారు. మొదటిసారి నేను చేసిన గుర్రం గుర్రంలా లేదు. వంటింట్లో గిన్నెలు కడిగినట్టుంది. సరిగ్గా రావడానికి నాలుగు నెలలు పట్టింది." అమ్మమ్మ సంచీ సర్దుకుంది. "ఇంకెప్పుడూ నాకు కిరీటం పెట్టకు. తల నొప్పెడుతుంది."

"పెట్టను," అంది పిచ్చుక.

సోమవారం పిచ్చుక బడికి అందరికంటే ముందు వెళ్ళింది. ఆరోజు మాట విన్నవాళ్ళు నిచ్చెన కాకుండా నలుగురు. వాళ్ళు వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది. నలుగురూ వచ్చాక బెంచీ దగ్గరికి పిలిచింది. నిచ్చెన అప్పటికే అక్కడ కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

"మా అమ్మమ్మ రాతికోటలో రాణి కాదు," అంది పిచ్చుక. "నేను అబద్ధం చెప్పాను. ఆవిడ గుర్రం చేసింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రైలింజను మామయ్య గలవాడు గట్టిగా సకిలించాడు. మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. పిచ్చుక చెవులు వేడెక్కాయి. కానీ అక్కడే నిలబడింది.

"గుర్రం ఒక్కటేనా?" అన్నాడు వాడు.

"వాన కూడా. ఉరుము. తలుపు. మెట్లు దిగడం."

"మెట్లు దిగడం కూడా ఒక వేషమా?"

"చాలా కష్టం అది," అంది నిచ్చెన, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియాలి."

నవ్వు కొంచెం తగ్గింది. వార్తల అత్త గల అమ్మాయి ముందుకు వంగింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అయితే సినిమాల్లో కూడా చేసిందా మీ అమ్మమ్మ? పెద్ద పెద్ద సినిమాల్లో?"

నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఎవరూ పోయి కనుక్కోలేని సంగతి అది. అవునంటే ఆ సకిలింపు అక్కడితో ఆగిపోతుంది.

"లేదు," అంది పిచ్చుక. "రేడియోలోనే."